ఒకే పలక మీద రెండు పేర్లు

పోయిన వారం ఈ కథలో ప్రమీలను మిర్యాలగూడ బస్సు ఎక్కించి ఆగాం. ఆమె ఒళ్లో ల్యాప్‌టాప్ సంచి, మనసులో తప్పు తనదేనేమో అన్న అనుమానం ఉన్నాయి. అనుమానం సంచి కంటే బరువుగా ఉంది.

సంగతి క్లుప్తంగా ఇది. వడ్లు మిల్లుకు తేవాలంటే రైతు ముందురోజు పొద్దున పది గంటలకు ఫోన్‌లో టోకెన్ తీసుకోవాలి. ఆ టోకెన్ల సైటును సూర్యాపేటలో చెప్పుల దుకాణం మీది గదిలో కూర్చుని ప్రమీల చూసుకుంటుంది. దాన్ని రాసినవాడు కోదాడ జీవన్. ఒక శనివారం పది కొట్టగానే వేలమంది ఒక్కసారి మీదపడేసరికి సైటు బిగుసుకుపోయింది. ఆదివారం తొమ్మిదింటికి ప్రమీల సర్వర్ సెట్టింగుల ఫైలులో ఒక్క వరుస మార్చింది. పదింటికి సైటు కాలువ నీళ్లలా పారింది. సోమవారం మెచ్చుకున్నారు, మంగళవారం మెచ్చుకున్నారు. బుధవారం పొద్దున మిర్యాలగూడ మిల్లు గేటు నుంచి కాపలాదారు బిక్షం ఫోన్ చేశాడు.

"మేడం, టోకెన్ దొంగ దొరికిండు. మీరొచ్చి కంప్యూటర్ల సూసి ఔనని ఒక్క మాట చెప్పుర్రి. బోర్డు మీద పేరు రాస్త."

ఆమె వచ్చేసరికి పదకొండు దాటింది. ఆకాశం పొయ్యి మీద మాడిన గిన్నె అడుగులా ఉంది. గేటు ముందు ట్రాక్టర్లు అర కిలోమీటరు దూరం నిలబడ్డాయి. ప్రతి ట్రాలీ మీదా టార్పాలిన్ కప్పి ఉంది. డ్రైవర్లు మాటిమాటికీ పైకి చూస్తున్నారు.

గేటు పక్క గోడకు నల్లబోర్డు ఒకటి ఉంది. టోకెన్ విషయంలో మోసం చేసినవాళ్ల పేరు దాని మీద రాస్తారు. రాసి ఫోటో తీసి అన్ని మిల్లుల గేట్లకు పంపుతారు. ఆ పేరున్న మనిషి వడ్లను ఆ సీజనంతా ఏ గేటూ రానివ్వదు. ఇదివరకే ఒక పేరు ఉంది దాని మీద. రెండో పేరు రాయడానికి బిక్షం చాక్‌పీసు పట్టుకుని నిలబడ్డాడు. ఇరవై ఏళ్లుగా ఆ గేటు అతనిదే. యజమానులు మారారు గానీ బిక్షం మారలేదు.

"వచ్చిర్రా మేడం. ఇగో, ఈయనే భీమ్లా."

నేరేడుచర్ల అవతలి తండా మనిషి భీమ్లా. నలభై ఏళ్లుంటాయి. తుండుగుడ్డ రెండు చేతులతో పిండుతున్నాడు, తడిలేని గుడ్డ. అతనికి నాలుగడుగుల దూరంలో పాలకీడు మట్టయ్య ట్రాలీ చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. పెద్దమనిషి, పొద్దుటి నుంచి అరిచి అరిచి గొంతు పోయింది.

"సూడు బిడ్డా," అని మట్టయ్య తన ఫోన్ చాపాడు. "నిన్న పది గంటలకు నా ఫోన్‌ల, నా ఏలుతోని నొక్కిన. రెండు వందల పన్నెండు నంబరొచ్చింది. కింద పేరు సూస్తె భీమ్లా అని ఉన్నది. నేను భీమ్లానా? నా మొకం సూడు."

"నాకు రెండు వందల పదమూడు వచ్చింది అక్కా," అన్నాడు భీమ్లా. "దాని మీద నా పేరే ఉన్నది. నాకు గంతే ఎరుక. ఆయన ఫోన్ల నా పేరు ఎట్ల దూరిందో నాకేం తెల్సు? నేను ఆ ఫోన్ ముట్టలే, ఆ మనిషినే ఇయ్యాల సూసిన."

"ముట్టకుండనే దూరుస్తర్రా మీరు," అన్నాడు బిక్షం. "మొన్న టీవీల సూడలే, ఢిల్లీల కూసోని ఇక్కడి బ్యాంకుల పైసలు గుంజుతుర్రు. ఒక్క రైతుకు ఒక్క టోకెన్, గిది రూలు. నా లిస్టుల నీ పేరు రెండుసార్లున్నది. ఇంకేం సాక్ష్యం గావాలె?"

"నాకు ఉన్నదే ఒక్క ట్రాలీ అన్నా. రెండో టోకెన్ ఏం జేసుకోను, నెత్తికి కట్టుకోనా?"

నిలబడ్డ డ్రైవర్లలో ఇద్దరు నవ్వారు. బిక్షానికి నవ్వు రాలేదు.

"దొంగలు ఎక్కువైర్రు మేడం. సోమవారం ఒక ముసలామె వచ్చింది. ఏకంగా నా పేరున్న టోకెన్ పట్టుకొచ్చి నాకే సూపిస్తది! ఎంత ధైర్నముండాలె? తరిమి పేరు రాసి పెట్టిన. అగో." చాక్‌పీసుతో బోర్డు వైపు చూపించాడు.

ప్రమీల బోర్డు వైపు చూడలేదు. ఆమె చెవిలో ఒక్క మాటే తిరుగుతోంది. సోమవారం. అంటే ఆదివారం పదింటికి తీసుకున్న టోకెన్. తను ఆ వరుస మార్చిన గంటకు.

"రాయకుర్రి బిక్షమన్నా. జరసేపు ఆగుర్రి," అంది.

"ఎంతసేపు? మబ్బు సూస్తున్నరా?"

"అర్ధగంట."

కాటా గదిలో బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి, ఆదివారం తను ముట్టుకున్న ఫైలు మళ్లీ తీసింది. జీవన్ రాసిపెట్టిన పాత వరుసలో ప్రాసెస్‌లు నాలుగు, ఒక్కో ప్రాసెస్‌కు థ్రెడ్ ఒక్కటి. దాని పైన జీవన్ ఒక ముక్క రాశాడు: దీన్ని ముట్టుకోవద్దు. ఎందుకో రాయలేదు. ప్రమీల దాన్ని ప్రాసెస్ ఒకటి, థ్రెడ్లు పదహారు అని మార్చింది.

ఆ మార్పు ఆమె గుడ్డిగా చేయలేదు. ప్రాసెస్ అంటే ఒక వంటగది అనుకోండి. దాని గిన్నెలు దానివే, దాని ఉప్పుడబ్బా దానిదే, పక్క వంటగదితో పనిలేదు. థ్రెడ్ అంటే ఆ వంటగదిలో పనిచేసే మనిషి. వంటగదులు పెంచితే చోటు కావాలి. వాళ్లు కిరాయికి తీసుకున్న సర్వర్‌లో నాలుగింటికి మించి పట్టవు. ఒక్కో వంటగదిలో ఒక్కో మనిషే ఉంటే నలుగురే పనిచేస్తారు. రైతు ఫోన్‌కు మెసేజ్ వెళ్లిందని జవాబు రావడానికి మూడు నాలుగు సెకన్లు పడుతుంది. అంతసేపూ ఆ నలుగురూ చేతులు కట్టుకుని నిలబడతారు. బయట వేలమంది ఆగిపోతారు. శనివారం అయింది అదే. ఒకే వంటగదిలో పదహారు మందిని పెడితే, ఒకరు జవాబు కోసం చూస్తున్నప్పుడు ఇంకొకరు పని అందుకుంటారు. ఎక్కడ చదివినా ఇదే మాట ఉంది. ఎదురుచూసే పని ఎక్కువుంటే మనుషుల్ని పెంచు అని. ఆమె పెంచింది.

అయితే పదహారు మందికీ ఉప్పుడబ్బా ఒక్కటే.

మంగళవారం పది గంటల చిట్టా తెరిచింది. వచ్చిన ప్రతి పనినీ సర్వర్ అందులో రాసి ఉంచుతుంది. మట్టయ్య ఫోన్ నుంచి వచ్చిన పని మూడో థ్రెడ్ అందుకుంది. ఒక్క సెకను తర్వాత భీమ్లా ఫోన్ నుంచి వచ్చింది ఏడో థ్రెడ్ అందుకుంది. రెండూ మెసేజ్ జవాబు కోసం ఆగాయి. రెండూ అయిపోయాక రాసిన పేరు మాత్రం రెండుచోట్లా భీమ్లా.

ఆమె కోదాడకు ఫోన్ కలిపింది.

"జీవన్, టోకెన్ తీసుకునే రైతు పేరును ప్రోగ్రామ్‌లో ఎక్కడ పెట్టావు?"

"ఎక్కడంటే... పైన ఒక చోటుంటుందండీ. ప్రస్తుత రైతు అని. ముందు అందులో పేరు వేస్తాం, మెసేజ్ వెళ్లాక అక్కడి నుంచే తీసి టోకెన్ మీద రాస్తాం."

"ప్రతి మనిషికీ వేరే చోటా, అందరికీ ఒకటేనా?"

ఫోన్ అవతల ఎక్కడో కుక్కర్ విజిల్ వేసింది.

"అందరికీ ఒకటేనండీ. ప్రాసెస్‌కు ఒకటి. మీరు థ్రెడ్లు ముట్టుకున్నారా? ముట్టుకోవద్దని రాశాను కదండీ!"

"ఎందుకు ముట్టుకోవద్దో రాయలేదు కదా."

"రాద్దామనుకున్నానండీ..."

"ఒక్కటే చోటు పెట్టాలని నీకెట్లా తోచింది?"

"ఆ గేటు దగ్గర నాలుగు రోజులు కూర్చున్నాను కదండీ, పని ఎలా జరుగుతుందో చూద్దామని. బిక్షంగారు ఒక పలక మీద పేరు రాసి డ్రైవర్‌కిచ్చేవారు. కాటా గదిలో ఆ పలక చూసి పుస్తకంలో ఎక్కించి, తుడిచి పంపేవారు. చాలా నచ్చింది నాకు. ఒక పలక, ఒక బండి. అలాగే రాసేశాను."

ప్రమీల ఫోన్ పెట్టేసి తలెత్తింది. కాటా గది కిటికీ పక్క మేకుకు ఆ పలక ఇంకా వేలాడుతోంది. మూలలు అరిగి, చెక్క చట్రానికి తీగ చుట్టి ఉంది. పలక మీద దిద్దినవాళ్లకు దాని గుణం చెప్పక్కర్లేదు. కొత్త అక్షరం రాయాలంటే పాతది పోవాల్సిందే.

తప్పు జీవన్ ఒక్కడిదే అని చెప్పవచ్చు. ప్రోగ్రామ్ అతనిది. బస్సులో ఆమెను వేధించిన అనుమానానికి ఇదొక మంచి మందు. మిల్లులవాళ్లు అతన్ని తీసేస్తారు, ఈమెను ఉంచుతారు. ఇంకా సులువైన దారి మరొకటి ఉంది. సైటు సరిగానే ఉందని ఒక్క మాట అని, చాక్‌పీసు పని చాక్‌పీసును చేసుకోనివ్వడం. కిటికీలోంచి చూస్తే భీమ్లా ఇంకా ఆ పొడి గుడ్డనే పిండుతున్నాడు.

పలక తీసుకుని బయటికి వచ్చింది.

"బిక్షమన్నా, మీ పలక మీద మీ చేతితోనే రాయుర్రి. మట్టయ్య అని."

"గిదేం ఆట మేడం?"

"రాయుర్రి, చెప్తా."

బిక్షం రాశాడు. గుండ్రటి అక్షరాలు.

"ఇప్పుడు మట్టయ్య బండి కాటా దగ్గరికి పోయింది. అక్కడ ఇంకా పేరు ఎక్కించలేదు. ఆ లోపల భీమ్లా బండి వచ్చింది. మీ దగ్గర ఉన్నది ఇదే పలక. ఏం చేస్తారు?"

"ఆగుమంట. మొదటి బండి పని ఖతమై పలక తిరిగొచ్చిందాంక రెండో బండిని గేటు దాటనియ్య. ఇరవై ఏండ్ల సంది గదే నా పద్ధతి."

"ఆగమనకుంటే?"

"అనకుంటె..." బిక్షం పలక వైపు చూశాడు. "పేరు తుడిసి ఇంకో పేరు రాయాలె."

"రాయుర్రి."

అతను అరచేత్తో తుడిచి భీమ్లా అని రాశాడు. ప్రమీల ఆ పలకను మట్టయ్య ముందు పెట్టింది. "పెద్దయ్యా, కాటా కాడ మీ వంతు వచ్చింది. పలక మీద ఏం పేరుంది?"

"ఈయన పేరే ఉన్నది," అన్నాడు మట్టయ్య.

"తర్వాత ఈయన వంతు వచ్చినా?"

"ఈయన పేరే ఉంటది." మట్టయ్య చక్రం పట్టుకుని మెల్లగా లేచాడు. "అంటే నాది పాయె, ఈయనకు రెండు అయినయి."

"పలక మాట సరే మేడం," అన్నాడు బిక్షం. "కంప్యూటర్ గిట్ల చేస్తదా? గదేమన్న పలకనా?"

"మీ పలకను చూసే దాన్ని రాసిర్రు అన్నా. రండ్రి, కళ్లతో చూడుర్రి."

సైటుకు ఉత్తుత్తి నకలు ఒకటి ఆమె ల్యాప్‌టాప్‌లో ఉంది. కొత్త మార్పు ఏదైనా ముందు దాని మీద వేసి చూడాలి. ఆదివారం తొందరలో ఆమె ఆ పని చేయలేదు, ఒక్కతే నొక్కి చూసి సరే అనుకుంది. ఒక్కరు నొక్కితే ఏ తప్పూ బయటపడదు. ఇప్పుడు ప్రాసెస్ ఒకటి, థ్రెడ్లు పదహారు పెట్టి, ఇద్దరి ఫోన్లూ ఆ నకలుకు కలిపింది. కాటా గది గుమ్మంలో డ్రైవర్లు గుంపు కట్టారు.

"నేను ఊ అనంగనే పెద్దయ్య నొక్కాలె. భీమ్లా, నువ్వు ఎంటనే నొక్కు."

"ఊ."

ఇద్దరూ నొక్కారు. మూడు సెకన్లు గడిచాయి. మట్టయ్య ఫోన్ మోగింది. ఒక డ్రైవర్ వంగి పైకి చదివాడు.

"టోకెన్ ఒకటి. పేరు భీమ్లా!"

భీమ్లా ఫోన్ మోగింది. "టోకెన్ రెండు. పేరు భీమ్లా!"

"ఓరి నీ!" అన్నారెవరో వెనక నుంచి.

"ఇప్పుడు మొదలు భీమ్లా నొక్కాలె, తర్వాత పెద్దయ్య."

ఈసారి రెండు ఫోన్లలోనూ మట్టయ్య పేరే వచ్చింది. మట్టయ్య తన ఫోన్ చూశాడు, భీమ్లా ఫోన్ చూశాడు.

"ఏమయ్యా భీమ్లా," అన్నాడు పోయిన గొంతుతోనే. "నేను గూడ దొంగనైతినిరా."

నవ్వులు లేచాయి. భీమ్లా నవ్వలేదు గానీ తుండుగుడ్డ భుజం మీద వేసుకున్నాడు.

ప్రమీల వరుస మార్చింది. ప్రాసెస్‌లు నాలుగు, థ్రెడ్ ఒక్కటి. నాలుగు గదులు, గదికొక మనిషి, మనిషికొక పలక. మళ్లీ ఊ అంది. మట్టయ్య ఫోన్‌లో మట్టయ్య, భీమ్లా ఫోన్‌లో భీమ్లా. అయిదుసార్లు నొక్కించింది, డ్రైవర్ల ఫోన్లు కూడా కలిపి నొక్కించింది. ఎవరి పేరు వారికే వచ్చింది. నలుగురికి మించి నొక్కినప్పుడు మిగిలినవాళ్లు ఆగాల్సి వచ్చింది. కానీ పేర్లు కలవలేదు.

అప్పుడే అసలు సైటులో కూడా అదే వరుస పెట్టింది.

"రేపు పదింటికి మళ్ల నిదానమైతది," అంది గుంపు వైపు తిరిగి. "జీవన్ పేరు దాచే పద్ధతి మార్చి, మనిషి మనిషికీ వేరే చీటీ ఇచ్చిందాంక నిదానమే. తిట్టుకుంటే నన్ను తిట్టుకోండ్రి. అతను ముట్టొద్దని రాసిపెట్టిన వరుసను ఎందుకని అడగకుండ మార్చింది నేనే. దొంగ ఎవరూ లేరు."

బిక్షం పలకను మేకుకు తగిలించి వచ్చాడు. గేటు కడ్డీ పైకెత్తి, "పెద్దయ్య బండి, భీమ్లా బండి, ఎనకెనక లోపలికి పోనియ్యుర్రి," అని కేకేశాడు. అతని క్షమాపణ అంతే. గేటు దగ్గర ఎక్కువ మాటలకు తీరిక ఉండదు.

కథ ఇక్కడితో ఆగిపోయుంటే బాగుండేది. కానీ ప్రమీల చిట్టా మూయలేదు. ఆదివారం నుంచి సెకను రెండు సెకన్ల తేడాలో పడి, ఒకే పేరు మీద అచ్చైన జోడీలను వెతికింది. పంతొమ్మిది జోడీలు. అంటే పంతొమ్మిది మంది టోకెన్ తీసుకుని కూడా టోకెన్ లేనివాళ్లయ్యారు. వరుసగా చదువుకుంటూ వచ్చి మొదటి జోడీ దగ్గర ఆగింది.

"బిక్షమన్నా, సోమవారం మీ వడ్లు కూడా వచ్చినయా ఇక్కడికి?"

"వచ్చినయి మేడం. నాకూ రెండెకరాలున్నది గదా."

"లిస్టుల మీ పేరు ఎన్నిసార్లు ఉంది ఆ రోజు?"

చాక్‌పీసు అతని వేళ్ల మధ్య తిరగడం ఆగింది.

"రెండుసార్లున్నది," అన్నాడు చివరికి. గొంతు తగ్గింది. "అదృష్టమనుకున్న. మా తమ్ముని ట్రాలీ గూడ పిలిపించి పోయించిన."

"ఎనభై ఎనిమిది, ఎనభై తొమ్మిది. ఎనభై తొమ్మిది మీ ఫోన్‌ది. ఎనభై ఎనిమిది మీది కాదు." ప్రమీల ల్యాప్‌టాప్ అతని వైపు తిప్పింది. "ఎవరి ఫోన్ నుంచి వచ్చిందో చదవండ్రి."

బిక్షం వంగి చదివాడు. తర్వాత ఇద్దరూ ఒకేసారి తలలు తిప్పి గోడ వైపు చూశారు. పొద్దుటి నుంచి అక్కడే ఉన్నా ప్రమీల చదవని పేరు. బిక్షం గుండ్రటి అక్షరాలు.

బుచ్చమ్మ, అనంతగిరి.

"నా టోకెన్ బిడ్డా, నా టోకెన్ అని కాళ్ల మీద పడ్డది మేడం," అన్నాడు బిక్షం. "దొంగేడుపు అనుకున్న. ఫోటో తీసి అన్ని గేట్లకు పంపిన."

బోర్డు దగ్గరికి పోయి అరచేత్తో తుడిచాడు. పేరు పోయింది. పోయిందంతా ఆ ఒక్క బోర్డు మీదే. మిగతా గేట్ల ఫోన్లలో ఆ ఫోటో అలాగే ఉంది.

ప్రమీల చిట్టాలోని నంబరుకు ఫోన్ చేసింది. స్విచ్ ఆఫ్. మళ్లీ చేసింది. స్విచ్ ఆఫ్.

కాటా మీద నుంచి ఖాళీ ట్రాలీతో వస్తున్న భీమ్లా తన ట్రాక్టర్‌ను వాళ్ల దగ్గర నిలిపాడు. వాళ్లిద్దరూ ఖాళీ బోర్డు ముందు నిలబడి ఉండడం చూసి, ఏమైందని అడిగాడు. ప్రమీల చెప్పింది. అతను ట్రాక్టర్ దిగలేదు. ఇంజిన్ మాత్రం ఆపేశాడు.

"ముసలామెనా? కిరాయి ట్రాక్టర్ ఆగనంటె వడ్లు రోడ్డు మీదనే పోయించుకున్నదట. నేరేడుచర్ల రాకముందు, కల్వర్టు కాడ. నిన్న పోతుంటె సూసిన అక్కా. కుప్ప పక్కన గొంగడి కప్పుకోని కూసున్నది. నీళ్లు గావాల్నా అమ్మా అంటె వద్దన్నది."

మొదటి చినుకు ల్యాప్‌టాప్ మీద పడింది.

"ఇయ్యాల పొద్దున వస్తుంటె మల్ల సూసిన," అన్నాడు భీమ్లా. "కుప్ప అట్లనే ఉన్నది. గొంగడి కుప్ప మీద కప్పి ఉన్నది. ఆమె లేదు."